కారు ముందరి అద్దం: మసక ఎందుకు కమ్ముతుంది, ఎలా తొలగుతుంది

జనవరి మాసంలో సంక్రాంతి సంబరాలు ముగిసిన రాత్రి, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోని ఏ పార్కింగు లాటులోనైనా ఒక దృశ్యం కనబడుతుంది. బయట గడ్డకట్టే చలి. పిల్లలు నాట్యానికి వేసుకున్న రంగులైనా కడుక్కోకుండా, పట్టు పరికిణీల మీదే కోట్లు తొడుక్కుని వెనుక సీటులో సర్దుకుంటారు. ఊరినుంచి వచ్చిన తాతగారు, అమ్మమ్మగారు శాలువాలు కప్పుకుని కూర్చుంటారు. తలుపులు మూసి రెండు నిమిషాలు గడవకముందే ముందరి అద్దం తెల్లబడుతుంది. నడిపే వ్యక్తి కోటు చేతితో అరచేయంత మేర తుడిచి, ఆ కంతలోనుంచి చూస్తూ రోడ్డెక్కుతాడు.

గంటకు 45 మైళ్ల వేగంతో పోయే కారు సెకనుకు 66 అడుగులు సాగుతుంది. మసక వెనుకనున్న మనిషినో, జింకనో గుర్తుపట్టడానికి మూడు సెకన్లు పట్టినా, ఆలోపు బండి దాదాపు 200 అడుగులు ముందుకు పోయి ఉంటుంది. ఇంజను నూనె మార్పించడంలోనూ, టైర్ల గాలి చూసుకోవడంలోనూ ఎంతో శ్రద్ధ వహించే గృహస్థులు కూడా అద్దం లోపలివైపు సంగతి పట్టించుకోరు. దాని వెనుకనున్న విజ్ఞానం ఉన్నత పాఠశాల విద్యార్థికి అర్థమయ్యేదే. కావున పిల్లల చేత కూడా చదివించదగినది.

అద్దం లోపలివైపు మసకబారడానికి కారకులు ఇద్దరు. మొదటివాడు నీటి ఆవిరి. నిమిషాలలో వచ్చి నిమిషాలలో పోయేవాడు. రెండవవాడు జిడ్డు పొర; నెలల తరబడి కంటికి తెలియకుండా పేరుకునేవాడు. ఈ ఇద్దరికీ స్నేహం ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు.

నీటి ఆవిరి లెక్క

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని తనలో ఇముడ్చుకోగలదు. ఒక ఘనమీటరు గాలి 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు, 10 డిగ్రీల వద్ద 9 గ్రాముల పైచిలుకు, సున్నా వద్ద 5 గ్రాములకు కొంచెం తక్కువ. సున్నాకు 10 డిగ్రీలు దిగువన, అనగా 14 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద, 2 గ్రాములకు కాస్త పైన మాత్రమే. గాలిని చల్లారుస్తూ పోతే ఏ ఉష్ణోగ్రత వద్ద అందులోని ఆవిరి నీరుగా మారనారంభిస్తుందో దానిని తుషార స్థానం అంటారు. స్టీలు గ్లాసులో ఐసునీళ్లు పోసి బల్లమీద పెడితే గ్లాసు బయట చెమర్చడం ప్రతి ఇల్లాలూ చూసినదే. ఆ నీరు గ్లాసులోనుంచి కారినది కాదు, వంటింటి గాలిలోనుంచి దిగినది.

కారులో ఈ ఆవిరి ఎక్కడినుంచి వస్తుంది? ప్రధానంగా మననుంచే. నిశ్చలంగా కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు 7 లీటర్ల గాలి పీల్చి విడుస్తాడు. విడిచే గాలి వెచ్చగా, ఆవిరితో దాదాపు నిండి ఉంటుంది. ఘనమీటరుకు 35 గ్రాములనుకుందాం. గంటకు 420 లీటర్ల లెక్కన ఒక్కొక్కరు ఊపిరి ద్వారానే 15 గ్రాముల నీటిని బయటికి వదులుతారు. చర్మంనుంచి తెలియకుండా ఆవిరయ్యే తేమ దీనికి అదనం. నలుగురు కూర్చుంటే ఊపిరి మాత్రమే గంటకు 60 గ్రాములు, అనగా నిమిషానికి ఒక గ్రాము.

మామూలు కారు లోపలి ఆవరణ సుమారు 3 ఘనమీటర్లు. బయటి గాలి సున్నాకు 10 డిగ్రీలు దిగువన ఉన్నప్పుడు తలుపులు మూశామనుకోండి. లోపల మొదట ఉండే ఆవిరి 6 గ్రాములకు అటూ ఇటూ. హీటరు వేసి లోపలి గాలిని 20 డిగ్రీలకు తెచ్చి, బయటి గాలి రాకుండా రిసర్క్యులేషన్ మీట నొక్కి ఉంచితే, 20 నిమిషాలలో అది 26 గ్రాములవుతుంది. అప్పుడు లోపలి గాలి తుషార స్థానం సుమారు 9 డిగ్రీలు. వేడిగాలి తగలని అద్దం అంతకంటె ఎంతో చల్లగా ఉంటుంది. ఇక మసక కమ్మక ఏమి చేస్తుంది?

అదే కారులో రిసర్క్యులేషన్ తీసివేసి, నిమిషానికి 2 ఘనమీటర్ల బయటి గాలిని లోపలికి రానిచ్చామనుకుందాం. నలుగురు విడిచే ఒక గ్రాము ఆవిరి 2 ఘనమీటర్ల గాలిలో పంచబడుతుంది. ఘనమీటరుకు అర గ్రాము మాత్రమే పెరుగుతుంది. తుషార స్థానం సున్నాకు చాలా దిగువనే నిలిచిపోతుంది. డిఫ్రాస్టరు కాస్త వెచ్చజేసిన అద్దం మీద చుక్క నిలవదు. బయట మంచు కురుస్తున్నదే, ఆ తడి గాలిని లోపలికి రానివ్వడమెందుకని కొందరు మిత్రులు వాదిస్తారు. మంచు కురిసే గాలి చూడడానికి తడిగా కనబడినా, ఆవిరి లెక్కలో అది కడు బీద. దానిని తెచ్చి 20 డిగ్రీలకు వెచ్చజేస్తే దాని సాపేక్ష ఆర్ద్రత 15 శాతం కూడా ఉండదు. శీతకాలంలో మన పెదవులు పగలడానికీ, ఇంట్లో తంబుర బుర్ర బీటలివ్వడానికీ కారణం ఈ పొడి గాలే.

రిసర్క్యులేషన్ గురించి ఇంకొక మాట. తలుపులు మూసిన కారులో ఆవిరితో పాటు బొగ్గుపులుసు వాయువు కూడా పెరుగుతుంది. దూర ప్రయాణాలలో నడిపేవారికి మత్తుగా ఉండడానికి అదీ ఒక కారణం కావచ్చు. ముందర పోతున్న లారీ పొగ లోపలికి రాకుండా కొద్ది నిమిషాలు ఆ మీట వాడుకోవచ్చు గాని, చలికాలంలో దానిని మరచిపోయి అలాగే ఉంచడం తగదు.

బూట్లు మోసుకొచ్చే మంచునూ లెక్కలో వేసుకోవాలి. ఐదుగురి బూట్లకంటుకున్న మంచు కరిగి కాళ్లక్రింది కార్పెట్టులో ఇంకితే, అది రోజుల తరబడి ఆవిరిని విడుస్తూనే ఉంటుంది. ఉదయం లేచి చూస్తే అద్దానికి బయటనే కాక లోపల కూడా మంచు పేరుకుని ఉండడానికి ముఖ్యకారణం ఈ తడి కార్పెట్టే. అంచులున్న రబ్బరు మ్యాటులు వేసి, నీరు నిలిచినప్పుడల్లా బయట పారబోయడం వల్ల కలిగే మేలు ఖరీదైన రసాయనాల వల్ల కలగదు. సిలికాజెల్ సంచులు పెడితే చాలునని కొందరు చెబుతారు. సిలికాజెల్ తన బరువులో దాదాపు మూడవ వంతు నీటిని పీల్చగలదు. అర కిలో సంచి రాత్రంతా నిలిపి ఉంచిన కారుకు కొంత ఉపకారమే. నలుగురు కూర్చుని మాటలాడుకుంటూ పోయే కారుకు మాత్రం అది చాలదు.

రేలీ గారి దీపశిఖ

ఆర్గాన్ వాయువును కనుగొన్నందుకు 1904లో నోబెల్ బహుమతి పొందిన ఇంగ్లీషు భౌతిక శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ, 1911లో అద్దంమీద ఊపిరి ఊదితే ఏర్పడే మసకను గురించి ఒక చిన్న వ్యాసం వ్రాశాడు. అద్దం మీద ఒకచోట సన్నని మంటను నడిపించి, చల్లారిన పిమ్మట ఊపిరి ఊదితే, మంట సోకిన దారి మాత్రం నల్లగా, తేటగా కనబడింది. మిగిలిన భాగమంతా తెల్లబడింది. మంట సోకినచోట నీరు చేరలేదని కాదు. అక్కడ నీరు బిందువులుగా విడిపోక పలుచని పొరలా పరచుకున్నది. తక్కిన చోట అసంఖ్యాకమైన సూక్ష్మ బిందువులుగా నిలిచింది.

మసక రహస్యమంతా ఇందులోనే ఉన్నది. నీటి పొర స్వచ్ఛమైన పారదర్శక పదార్థం; దానిగుండా చక్కగా చూడవచ్చు. అదే నీరు బిందువులుగా విడిపోతే ప్రతి బిందువూ ఒక చిన్న కటకమై, వెలుగును నలుదిక్కులకూ వెదజల్లుతుంది. శుభ్రమైన గాజుకు నీరంటే ఇష్టం. దానిమీద నీరు పరచుకుంటుంది. జిడ్డు తగిలిన గాజుకు నీరంటే పడదు. తామరాకు మీద వలెనే నీరు గుండ్రపడుతుంది. మంట ఆ జిడ్డును కాల్చివేయడమే రేలీ చూసిన వింతకు కారణం. (దయచేసి ఈ ప్రయోగం కారు అద్దం మీద చేయకండి.)

కావున జిడ్డు పట్టిన అద్దం రెండు విధాల అపకారి. తానొక మసక, ఆపైన నీటి మసకను మరింత దట్టం చేస్తుంది. అరచేతితో అద్దం తుడిచినప్పుడు ఆ క్షణానికి దారి కనబడినా, చర్మపు నూనె అక్కడ అంటుకుంటుంది. మరునాటి మసక ఆ వేలిగుర్తుల వెంబడే చిత్రంగా గీసినట్లు తేలుతుంది.

సబ్బు పూస్తే మసక పట్టదన్న చిట్కా వెనుక సూత్రమూ ఇదే. సబ్బు నీటి తలతన్యతను తగ్గించి బిందువులను పొరగా పరుస్తుంది. 1966 జూన్‌లో జెమిని 9 నౌకనుంచి అంతరిక్షంలోకి అడుగుపెట్టిన యూజీన్ సెర్నాన్ శ్రమ వల్ల పుట్టిన ఆవిరితో శిరస్త్రాణపు ముఖఫలకం పూర్తిగా మసకబారి, దాదాపు గ్రుడ్డివాడై నౌకలోకి తిరిగి రావలసివచ్చింది. ఆ తరువాతి యాత్రలలో ముఖఫలకాలకు మసక నివారించే పూత పూయసాగారు. 2001లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ కంటిలో అటువంటి పూత పడి, శూన్యంలో ఉండగానే చూపు కొంతసేపు కనబడలేదు. పూతలకు ప్రయోజనమూ ఉన్నది, పరిమితీ ఉన్నది. కారు అద్దం మీద గెడ్డం గీసుకునే సబ్బు నురగ రుద్ది పొడిగా తుడిచివేస్తే కొద్ది రోజులు పనిచేస్తుంది గాని, ఎక్కువైతే చారలు మిగిలి రాత్రివేళ ఎదుటి దీపాలు చెదరుతాయి. నా మటుకు నేను శుభ్రమైన గాజునే కోరుకుంటాను.

మీటల సంగతి

బండి ఎక్కగానే చేయవలసినది: డిఫ్రాస్టు గుర్తు నొక్కడం, ఫ్యాను హెచ్చించడం, బయటి గాలిని రానివ్వడం, ఉష్ణోగ్రతను వేడివైపు త్రిప్పడం, ఏసీ వేయడం. చలికాలంలో ఏసీ ఏమిటని తాతగారు తప్పక అడుగుతారు. ఏసీలోని చల్లని గొట్టాల మీదుగా గాలి పోయేటప్పుడు అందులోని ఆవిరి అక్కడే నీరై కారిపోతుంది. ఆ పొడి గాలిని హీటరు వెచ్చజేసి అద్దం మీదికి పంపుతుంది. వెచ్చని పొడి గాలి దాహంతో ఉన్న గాలి; అద్దంమీది చుక్కలను చప్పున త్రాగివేస్తుంది. అనేక కార్లలో డిఫ్రాస్టు నొక్కగానే ఏసీ దానంతటదే పనిచేయడానికి కారణం ఇది. బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు గొట్టాలమీద మంచు పేరుకోకుండా ఏసీ యంత్రం తనంతట తాను ఆగిపోవడమూ మామూలే. ఫరవాలేదు, అంతటి చలిలో బయటి గాలి స్వతహాగా పొడిగానే ఉంటుంది. ఏసీ సాయం ఎక్కువగా అవసరమయ్యేది వానలు పడే వసంత, శరదృతువులలో.

ఆ ఋతువులలోనే మరొక చిక్కు ఎదురవుతుంది. కొంతసేపు ఏసీ వాడి, చాలునని ఆపి, ఫ్యాను మాత్రం ఉంచితే, అద్దం ఒక్కసారిగా తెల్లబడవచ్చు. తడిసి ఉన్న గొట్టాలమీది నీరు తిరిగి ఆవిరై అద్దం మీదికి రావడమే దీనికి హేతువు. అద్దం వైపు గాలి వస్తుండగా ఏసీని హఠాత్తుగా ఆపకుండుట మేలు.

బయటి గాలి లోపలికి వచ్చే దారి ముందరి అద్దం క్రిందుగా, వైపర్ల దగ్గర ఉంటుంది. అక్కడ మంచు, ఎండుటాకులు పేరుకుంటే ఎన్ని మీటలు నొక్కినా గాలి రాదు. కారుమీది మంచు తీసేటప్పుడు ఆ భాగాన్ని కూడా ఊడ్చాలి. క్యాబిన్ ఫిల్టరును ఏడాదికొకసారైనా తీసి చూడాలి. ఘనీభవించిన అద్దం మీద వేడినీళ్లు పోయడం మాత్రం ఎన్నడూ చేయరాదు. చిన్న రాయి తగిలి ఏర్పడిన నెఱియ ఆ దెబ్బకు అద్దం పొడవునా ప్రాకుతుంది.

జిడ్డు పొర పుట్టుక

కొత్త కారు వాసన అంటే చాలామందికి ముచ్చట. ఆ వాసనతో పాటు గాలిలోకి వచ్చే పదార్థాలే కొంతకాలానికి అద్దం మీద పొరగా దిగుతాయి. డాష్‌బోర్డు, తలుపుల తొడుగులు మెత్తగా ఉండడానికి ప్లాస్టిక్కులో నూనెల వంటి ద్రవాలను కలుపుతారు. ఎండలో వేడెక్కినప్పుడు అవి కొద్దికొద్దిగా ఆవిరై, చల్లని అద్దాన్ని చేరి నిలిచిపోతాయి. అరిజోనాలో చేసి 2018లో ప్రకటించిన ఒక పరిశీలనలో, వేసవి ఎండలో గంటసేపు నిలిపిన కార్ల డాష్‌బోర్డు ఉష్ణోగ్రత సగటున 157 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినట్లు తేలింది. పప్పు ఉడకదు గాని, నెయ్యి క్షణంలో కరుగుతుంది. ఈ పొరను కొలిచేందుకు జర్మనీవారు 75201 అనే సంఖ్యతో ఒక ప్రమాణమే ఏర్పరచారు. కారు లోపల వాడే పదార్థాన్ని 100 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసి, పైన చల్లని గాజు పలకనుంచి, పలక ఎంత మసకబారిందో చూస్తారు.

దీనికి మనం చేర్చే దినుసులు వేరు. సిగరెట్టు పొగ అందరికీ తెలిసినదే. డాష్‌బోర్డు మెరవాలని పూసే నూనెలు రెండు విధాల చేటు చేస్తాయి: కొంత ఆవిరై అద్దానికి చేరడం ఒకటి, ఆ మెరుపు ఎండలో అద్దంలో ప్రతిఫలించి కంటికి అడ్డురావడం మరొకటి. కొత్త కారుకు పూజ చేయించి, లోపల అగరువత్తులు వెలిగించి, కర్పూర హారతి పట్టడం మన సంప్రదాయం. పూజ తప్పక చేయించండి. అగరువత్తులు మాత్రం బానెట్టు ముందర వెలిగిస్తే దేవుడికీ అద్దానికీ కూడా ప్రీతి.

లోపల తియ్యని వాసన వేస్తూ, తుడిచినకొద్దీ జిడ్డుగా తిరిగి వచ్చే పొర కనబడితే మాత్రం అది వేరే రోగం. హీటరులోని కూలంటు కారుతున్నదన్నమాట. అందులోని గ్లైకాల్ విషపదార్థం. గుడ్డతో కాలక్షేపం చేయక, వెంటనే మెకానిక్కు వద్దకు పోవాలి.

పగటివేళ ఈ జిడ్డు ఉన్నట్లే తెలియదు. సాయంత్రం పడమటి ఎండకు ఎదురుగా పోతున్నప్పుడో, రాత్రి ఎదుటి దీపాలు పడినప్పుడో అద్దమంతా పాలు పులిమినట్లవుతుంది. వయసు పైబడినవారి కంటిలోని కటకం స్వతహాగానే వెలుగును కొంత చెదరగొడుతుంది. కంటిలో శుక్లాలు మొదలైనవారికి అద్దపు మసక, కంటి మసక కలిసి రాత్రి ప్రయాణం దుర్భరమవుతుంది. నాన్నగారు రాత్రిపూట కారు నడపడానికి జంకుతుంటే, కంటి వైద్యుడికి చూపించడంతో పాటు వారి కారు అద్దాన్ని కూడా ఒకసారి తుడిచిపెట్టండి.

తుడిచే పద్ధతి

కారును నీడలో నిలిపి, అద్దం చల్లారిన తరువాత మొదలుపెట్టాలి. ఎండలో ద్రవం ఆరిపోయి చారలే మిగులుతాయి. కావలసినవి: శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు మూడు, మందుల దుకాణంలో దొరికే రబ్బింగ్ ఆల్కహాలు, మంచినీరు. ఆల్కహాలూ నీరూ సమపాళ్లలో కలిపితే చాలు. గుడ్డలను ఉతికేటప్పుడు మెత్తదనం కోసం కలిపే ద్రవాలు వాడకూడదు. అవి గుడ్డకంటుకుని అద్దానికే తిరిగి చేరతాయి. అమోనియా గల ద్రవాలు రంగు ఫిల్మును పాడుచేస్తాయి గనుక, ఫిల్ము అంటించిన అద్దాలకు అవి పనికిరావు. ఒకప్పుడు మన ఇళ్లలో పాత వార్తాపత్రికతో అద్దాలు తుడిచేవారు. ఇప్పుడు పత్రికలు తెప్పించే ఇళ్లే తక్కువ. ఉన్నా ఆ సిరా డాష్‌బోర్డుకు అంటుకుంటుంది.

ఆల్కహాలు ఆవిరి మండే గుణం కలది కావున తలుపులు తెరిచి ఉంచాలి, దగ్గర నిప్పు ఉండరాదు. ద్రవాన్ని అద్దం మీద చల్లక గుడ్డ మీదనే చల్లుకుంటే క్రిందనున్న విద్యుత్ పరికరాల మీద పడదు. స్టీరింగు అడ్డు లేని ప్రక్క సీటులో కూర్చుంటే పని సులువు. అద్దం డాష్‌బోర్డును కలిసే ఇరుకు మూలలో మామూలుగా చేయి పట్టదు. అరచేయి పైకి త్రిప్పి, వేళ్ల వెనుకభాగంతో గుడ్డను అద్దానికి ఒత్తిపట్టి లాగాలి. మొదటి గుడ్డ జిడ్డును కరిగిస్తుంది, రెండవది ఎత్తుకుంటుంది, మూడవది పొడిచేస్తుంది. ఒకే గుడ్డతో కానిస్తే జిడ్డు ఒకచోటనుంచి మరొకచోటికి మారుతుందే గాని పోదు. లోపలివైపు అడ్డంగా, బయటివైపు నిలువుగా తుడిస్తే, మిగిలిన చార ఏ వైపున ఉన్నదో దాని దిశను బట్టి తెలిసిపోతుంది. ఈనాటి కార్లలో వెనుకచూపు అద్దం దగ్గర ఉండే కెమెరా కటకాన్ని ముట్టుకోకండి.

పని పూర్తయినదో లేదో తెలుసుకోవడానికి రేలీ గారి పరీక్షే చాలు. అద్దం మీద ఊపిరి ఊదండి. మసక సమంగా ఏర్పడి సమంగా మాయమైతే శుభ్రమైనట్లే. చారలు, వేలిముద్రలు తేలితే మరొకసారి తుడవాలి. కొత్త కారుకు నెలకొకసారి, పాత కారుకు రెండు మూడు నెలలకొకసారి, చలికాలానికి ముందు తప్పనిసరిగా ఈ పని చేయడం మంచిది. వెనుక అద్దం మీది సన్నని గీతలు వెండి కలిసిన లేపనంతో చేసిన విద్యుత్ తీగలు; వాటి వెంబడే మృదువుగా తుడవాలి, గీకరాదు.

గల్ఫు దేశాలలోనూ, విశాఖపట్నం వంటి తీర నగరాలలోనూ ఉండే మన బంధువులకు ఇదే చిక్కు తలక్రిందులుగా వస్తుంది. అక్కడి బయటి గాలి వెచ్చగా, ఆవిరితో నిండి ఉంటుంది. ఏసీ గాలి అద్దాన్ని చల్లబరుస్తుంది. మసక అద్దం బయటివైపున కమ్ముతుంది. లోపల ఎంత తుడిచినా పోనప్పుడు వేలితో గీచి చూస్తే సంగతి తేలుతుంది. అప్పుడు వైపర్లు ఒకసారి ఆడించి, ఏసీ గాలిని అద్దం వైపునుంచి మళ్లించి, చల్లదనాన్ని రెండు మూడు డిగ్రీలు తగ్గించాలి.